ఫోన్‌కి కనబడని సంగీతం

సంగీతం అచ్చువేసిన కాగితాన్ని ఫోటో తీస్తే చాలు, దాన్ని చదివి వాయించి వినిపించే మొబైల్ యాప్‌లు వచ్చాయి. మన కాలేజీలో వాటిని వాడేవాళ్లని కొందరు కాస్త చిన్నచూపు చూస్తున్నారు. పరీక్షలో చీటీ పెట్టుకున్నట్టు, వంట రాక బయటినుంచి తెప్పించుకున్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఆ యాప్ వాడేదాన్నే. వాడటం తప్పు కాదనే నా అభిప్రాయం. అయితే నేను చెప్పాలనుకున్నది అంతటితో ఆగదు. ఆ యాప్‌కి చదవడం రాని సంగీతం ఒకటుంది. అది మన అక్షరాల్లో ఉంది. ఈ గోడ పత్రిక ముందు నిలబడి చదివేవాళ్లకి కాళ్లు నొప్పి పుడతాయని తెలుసు. అయినా కొంచెం ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. నేను బి.కామ్ రెండో సంవత్సరం, పార్ట్ 1 తెలుగు. మన కాలేజీ క్వాయర్‌లో ఆల్టో పాడతాను. చిన్నప్పుడు పెరంబూరులో మా వీధిలోనే ఒక టీచర్ దగ్గర సరళీ వరసల నుంచి వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఏడో క్లాసుతో అది ఆగిపోయింది. స్టాఫ్ నొటేషన్, అంటే ఆ అయిదు గీతల మీద గుండ్రటి చుక్కలు పెట్టి రాసే పద్ధతి, నాకు ఎవరూ నేర్పలేదు. క్వాయర్‌లో ఇచ్చే జెరాక్సు కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. సొప్రానో వాళ్లకి పెద్ద కష్టం లేదు. అసలు వరస వాళ్లదే కాబట్టి ఒక్కసారి వింటే పట్టేస్తారు. ఆల్టో వాళ్ల గతి వేరు. మాకొచ్చేది వరస కాదు, వరస కింద నడిచే గోడ లాంటిది. పక్కన పదిమంది సొప్రానో పాడుతుంటే మన స్వరం ఎక్కడుందో మనకే తెలియదు. మంచి స్కూళ్లలో పియానో నేర్చుకుని వచ్చినవాళ్లు కాగితం చూసి పాడేస్తారు. నాలాంటివాళ్లు పక్క అమ్మాయి నోరు చూసి పాడతారు.

ఈ యాప్ వచ్చాక అది మారింది. బస్సులో కూర్చుని కాగితం ఫోటో తీస్తాను. సొప్రానో భాగాల మోత తగ్గించి ఆల్టో ఒక్కటే పెట్టుకుంటాను. వేగం సగానికి తగ్గిస్తాను. ఇంటికి చేరేలోపు ఒక పేజీ చెవిలో కూర్చుంటుంది. యాప్ పేరు రాయడంలేదు, ప్రకటన అయిపోతుంది. ఆ రకంవి చాలా ఉన్నాయి. కొన్ని కొంతవరకే ఉచితం, ఆ తరవాత డబ్బు అడుగుతాయి.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కూడా కాదు. అమెరికాలో ఎం.ఐ.టి.లో 1960లలోనే అచ్చు సంగీతాన్ని కంప్యూటర్ చేత చదివించే పరిశోధన మొదలైంది. జపాన్‌లో వాసెడా విశ్వవిద్యాలయం వాళ్లు 1984లో తయారుచేసిన వాబోట్-2 అనే రోబో, ఎదురుగా పెట్టిన కాగితాన్ని కెమెరా కంటితో చదివి ఆర్గన్ వాయించింది. అంత పెద్ద యంత్రం చేసిన పని ఇప్పుడు మన హ్యాండ్‌బ్యాగులో ఉంది. లోపల జరిగేది స్థూలంగా ఇది. ఫోటోని నలుపు తెలుపు చేసి, వంకర సరిచేసి, ముందు అయిదు గీతలు ఎక్కడున్నాయో వెతుకుతుంది. గీతలు దొరికితే వాటిమీద చుక్క ఏ ఎత్తులో ఉందో చూస్తుంది. అదే స్వరస్థానం. చుక్క నిండుగా ఉందా బోలుగా ఉందా, దానికి తోక ఉందా అన్నదాన్ని బట్టి కాలప్రమాణం. మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తుని బట్టి ఏ గీత ఏ స్వరమో తేలుతుంది. అదంతా కలిపి ఒక ఫైలు చేసి, పియానో చప్పుడుతో వాయిస్తుంది.

ఇందులో ఎక్కడ తేడా వచ్చినా వాయించడం మాత్రం ఆపదు. కాగితం మడత పడి క్లెఫ్ గుర్తు సరిగ్గా కనబడకపోతే పేజీ మొత్తం వేరే స్వరాల్లో, ఎంతో ధీమాగా వాయించేస్తుంది. చుక్క పక్కన చిన్న బిందువు ఉంటే ఆ స్వరానికి ఇంకో సగం కాలం కలపాలి. జెరాక్సు మరక ఒకటి సరిగ్గా అక్కడే పడితే దాన్నీ బిందువనుకుంటుంది. తాళం అరమాత్ర తప్పుతుంది. మనిషి అయితే ఆగి, "ఇదేంటి, ఇలా ఉండదే" అంటుంది. యాప్ అనదు. అందుకే దాన్ని వాడేవాళ్లకి తాళం వెయ్యడం రావాలి, శ్రుతి తెలియాలి. వినడం రానివాళ్లకి ఆ యాప్ వల్ల లాభం లేదు, నష్టమే.

మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ స్నేహితురాళ్లు చెప్పే అభ్యంతరం దీనికి వ్యతిరేకం. దీనివల్ల చెవి చచ్చిపోతుందంటారు. వాళ్లు "కేళ్వి జ్ఞానం" అని గొప్పగా చెప్పే మాట ఒకటుంది, అంటే విని విని వచ్చే తెలివి. నాకూ ఆ మాట ఇష్టమే. కానీ వినడానికి ఎవరో ఒకరు పాడాలి కదా. ఇంట్లో పాడేవాళ్లు, వారానికి రెండుసార్లు వచ్చే టీచరు, తంబూరా, ఇవన్నీ ఉన్నవాళ్లకి కేళ్వి జ్ఞానం ఉచితం. లేనివాళ్లకి అది ఖరీదైన వస్తువు. ఫోన్ చేసేది చవకరకం వినిపింపే, ఒప్పుకుంటాను. అసలు ఏమీ వినబడకపోవడం కన్నా అది నయం.

ఇంతవరకు యాప్ పక్షాన మాట్లాడాను. ఇకపై చెప్పేది వేరు.

సెలవుల్లో ఇంట్లో పాత పుస్తకాల సంచిలో తెలుగు అచ్చులో ఉన్న ఒక సంగీత పాఠాల పుస్తకం దొరికింది. అట్ట లేదు. సరళీ వరసలు, జంట వరసలు, గీతాలు, కొన్ని వర్ణాలు ఉన్నాయి. సరదాకి మాయామాళవగౌళ సరళీ వరసల పేజీ ఫోటో తీసి యాప్‌కి ఇచ్చాను. ఆ పేజీలో స్వరాలు తప్ప ఇంకేమీ లేవు. కాసేపు తిరిగి, ఈ బొమ్మలో సంగీతం కనబడలేదు అనే అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం చూపించింది. అది దాని తప్పు కాదు. దానికి నేర్పింది అయిదు గీతల్ని వెతకమని. ఇక్కడ గీతలు లేవు. అయినా ఆ వాక్యం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఎందుకంటే ఆ అక్షరాల్లో ఉన్నది కొద్ది సంగీతం కాదు. మన ఊరు, మన చుట్టుపక్కల ఊళ్ల సంగతే చూడండి. తచ్చూరు సింగరాచార్యులు సోదరులు 1880ల నుంచి ఇదే మద్రాసులో స్వరాలతో సహా సంగీత పుస్తకాలు వరసగా అచ్చువేశారు, తెలుగు లిపిలో. ఇంకా దక్షిణానికి వెళితే ఎట్టయపురం. అది తమిళ దేశం నడిబొడ్డు. సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అక్కడి సంస్థానం అచ్చుకూటంలో 1904లో వెలువడింది. వెయ్యి పేజీలు దాటిన గ్రంథం, అంతా తెలుగు లిపే. ముత్తుస్వామి దీక్షితుల కృతులకి ఈరోజుకీ పెద్ద ఆధారం అదే. గమకాలకి కూడా అందులో గుర్తులున్నాయి. కంపితానికి అలల గీత, జారుకి వాలుగీత, అలా ఒక్కోదానికి ఒక్కోటి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ తరవాత దాన్ని తమిళ లిపిలో తెచ్చింది, మన స్నేహితురాళ్లు చూసేది దాన్నే. మొదటి అచ్చు చదవాలంటే మాత్రం మన అక్షరాలు రావాలి.

ఆ పుస్తకం రావడం వెనక ఒక ముచ్చట ఉంది. చిన్నస్వామి మొదలియారు అనే మద్రాసు ఆయన మన సంగీతం అంతా స్టాఫ్ నొటేషన్‌లోకి మార్చాలని పట్టుబట్టి, 1890లలో ఇంగ్లీషులో ఒక పత్రికలాగా అచ్చువేస్తూ వచ్చారు. కృతుల కోసం ఆయన సుబ్బరామ దీక్షితుల్ని పట్టుకున్నారు. దీక్షితులు తన దగ్గరున్నదంతా పుస్తకంగా పెట్టడానికి ఆయన పోరే ఒక ప్రేరణ. అంటే నూట ముప్ఫై ఏళ్ల కిందటే ఒకాయన మన పాటని ఆ అయిదు గీతల్లోకి ఎక్కించబోయారు. ఆయన పద్ధతే నిలిచి ఉంటే ఇవాళ ఫోన్ మన కృతుల్ని టకటకా చదివేసేది. నిలవలేదు. మనవాళ్లకి సరిగమలే చాలనిపించాయి. నాకూ అదే నచ్చుతుంది. "సరిగ" అని రాస్తే నోటితో అలాగే పాడతాం, కాగితం మీద ఉన్నదే నోట్లో ఉన్నది. అయిదు గీతల్లో ఆ సుఖం లేదు.

మరి ఫోన్‌కి దాన్ని నేర్పడం ఎంత కష్టం? అక్షరాలు ఏడే కదా, సులువే అనిపిస్తుంది. నేనూ కాగితం మీద లెక్క వేసి చూశాను. మొదటి చిక్కు రాగం. స్టాఫ్‌లో చుక్క ఉన్న చోటుని బట్టి, మొదట్లో ఉన్న గుర్తుల్ని బట్టి స్వరం తేలిపోతుంది. మన "రి" అలా కాదు. మాయామాళవగౌళలో అది శుద్ధ రిషభం, శంకరాభరణంలో చతుశ్శ్రుతి రిషభం. పేజీ పైన చిన్న అక్షరాల్లో ఉన్న రాగం పేరు చదవకపోతే కింద ఉన్న రి ఏ రి అన్నది తేలదు. రెండోది చుక్కలు. స్వరం మీద చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. పాత కాగితం మీద పురుగు తిన్న చిల్లు కూడా చుక్కలాగే ఉంటుంది. పైగా మన ధైవతాన్ని కొందరు "ద" అనీ కొందరు "ధ" అనీ అచ్చువేస్తారు. "ధ" కింద ఉండే చిన్న గీతకీ, మంద్రస్థాయి "ద" కింద పెట్టే చుక్కకీ మసకబారిన అచ్చులో తేడా ఏముంది? మూడోది ఇంకా పెద్ద చిక్కు. పాత అచ్చులో "ప"కీ "స"కీ మధ్య తేడా ఒక సన్నటి వంపు. సిరా అలుక్కుపోతే రెండూ ఒకటే. పంచమం షడ్జమం అయిపోతే ఇంకేం మిగిలింది? తరవాత కామాలు, సెమికోలన్లు. మనకి అవి విరామ చిహ్నాలు కావు, కాలం. కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. పైన అడ్డగీత ఉంటే రెండో కాలం. "సా" అని దీర్ఘం ఉంటే రెండింతలు. మామూలు తెలుగు పుస్తకాలు చదవడం నేర్చిన కంప్యూటర్ ఈ కామాల్ని తీసి పక్కన పడేస్తుంది.

ఇదే పేజీ మనలో సంగీతం కొంచెం వచ్చినవాళ్ల చేతిలో పెట్టండి. ప, స సందేహం వస్తే ముందు వెనక స్వరాలు చూసి తేల్చేస్తాం. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలకి లెక్క సరిపోకపోతే ఎక్కడో కామా ఎగిరిపోయిందని గ్రహిస్తాం. కింద సాహిత్యం వరస చూసి పదం ఎక్కడ విరగాలో చెప్తాం. ఈ తెలివి ఫోన్‌కి రావాలంటే ముందు ఎవరో కూర్చుని కొన్ని వందల పేజీలు ఇలా చదివి, ఇది ప, ఇది స, ఇది మరక అని చెప్పి ఉంచాలి. అయిదు గీతల సంగీతానికి ఆ చాకిరీ దేశదేశాల్లో చాలామంది చేశారు. అందుకే ఫోన్‌కి అది వచ్చింది. అంతకుమించి మహిమ లేదు.

గమకాల మాట ఎత్తుతారని తెలుసు. తోడి గాంధారాన్ని ఫోన్ వాయిస్తే అది తోడి అవుతుందా? కాదు. పియానో మెట్టు మీద వేలు పెట్టినట్టు ఒక్కచోట నిలబడిపోతుంది. కానీ అచ్చులో ఉన్న తోడి మాత్రం తానంతట తాను ఊగుతుందా? పుస్తకం గుర్తు చెయ్యడానికే గాని నేర్పడానికి కాదని మా టీచర్ అప్పట్లోనే చెప్పేవారు. ఫోన్ నుంచి కూడా అంతే ఆశించాలి. గమకం అక్కర్లేని మన పాటలూ ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల నోటు స్వరాలు చూడండి. కోట బ్యాండు వాళ్ల దొరల పాటల వరసలకి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. "శ్యామలే మీనాక్షి" వరస మనం ఎల్‌కేజీలో పాడిన ట్వింకిల్ ట్వింకిల్‌దే. అలాంటివి ఫోన్ వాయించినా తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చదివే పని ఎవరు చెయ్యాలి? మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెయ్యాలంటారు. వాళ్లలో ఎక్కువమందికి తెలుగు లిపి రాదు. త్యాగరాజ కృతుల్ని తమిళ లిపిలో రాసుకుని పాడతారు. క, గ ఒకటే అక్షరం కాబట్టి పైన 1, 3 అని చిన్న అంకెలు వేసుకుంటారు. కారిడార్‌లో మనల్ని ఆపి, "ఇది కలదా గలదా, అర్థం ఏంటి" అని అడిగేది అందుకే. కంప్యూటర్ సైన్స్ వాళ్లు చెయ్యాలంటే వాళ్లకి ప్రోగ్రాము రాయడం వచ్చు, ఏది ప ఏది స అన్నది వాళ్లు చెప్పలేరు. ఆంధ్రాలో, తెలంగాణలో ఎవరైనా చేస్తారులే అనుకోవచ్చు. చేస్తే సంతోషమే. కానీ ఈ పుస్తకాలు పుట్టింది ఇక్కడ, వీటిని పాడేవాళ్లూ ఇక్కడే ఎక్కువ. రెండింటి మధ్యా ఒకే కారిడార్ దూరంలో ఉన్నది మనం.

మనమైనా ఎన్నాళ్లు ఉంటాం? మా అమ్మ తెలుగులోనే మాట్లాడుతుంది, తెలుగు పాటలే పాడుతుంది, అవన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుంటుంది. 2006 చట్టం వచ్చాక బడుల్లో పదో క్లాసు దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఫిర్యాదు లేదు, అది మనం బతికే ఊరి భాష. కానీ దాని పక్కన తెలుగు రాత చాలా బడుల్లో ఇరుకైపోయింది. మన క్లాసులోనే చూడండి. మాట్లాడటం అందరికీ వచ్చు. గడగడా చదవడం సగంమందికి రాదు. మొదటి సంవత్సరంలో మేడమ్ వర్ణమాల నుంచి చెప్పుకురావలసి వచ్చింది, కాలేజీలో! యాప్ తయారుచేసేవాళ్లు ఇంకో పదేళ్లకి తెలుగు స్వరలిపి వైపు చూశారనుకోండి. అప్పటికి ఇక్కడ చదివిపెట్టేవాళ్లు ఉంటారా అన్నదే నా భయం. ఫోన్‌కి కనబడకపోవడం చిన్న విషయం, మనకే కనబడకుండా పోతే?

అందుకని నేను అడిగేది ఇది. వారంలో ఒక మధ్యాహ్నం, మంగళవారం చివరి గంట ఖాళీయే కదా, మ్యూజిక్ వాళ్లలో నలుగురు, మనలో నలుగురు లైబ్రరీలో కూర్చుందాం. మనం అక్షరం చదువుదాం, వాళ్లు పాడి సరిచూస్తారు. ఒక్కో వరస ఫోటో తీసి, పక్కన కంప్యూటర్‌లో స్వరాలు టైపు చేసి పెడదాం. చట్టం చిక్కు కూడా లేదు. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది, సుబ్బరామ దీక్షితులు పోయింది 1906లో. ఈ మధ్య అచ్చైన పుస్తకాల జోలికి మాత్రం వెళ్లవద్దు. క్వాయర్ కాగితాలు కూడా ఫోటోలు తీసి గ్రూపుల్లో పంచిపెట్టడం నాకు నచ్చదు. మన సాధన కోసం తీసుకోవడం వేరు, పదిమందికి కొనే అవసరం లేకుండా చెయ్యడం వేరు.

మార్కులు వస్తాయా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. రావు. సెమిస్టర్‌కి పది పేజీలు కూడా అవుతాయో లేదో. అందులోనూ నాకు సంగీతం సగమే వచ్చు, నాకన్నా బాగా వచ్చినవాళ్లు థర్డ్ ఇయర్‌లో ఉన్నారు, వాళ్లు రావాలి. సంగీతం అసలు రానివాళ్లు రాకూడదని కాదు. తప్పులు దిద్దడానికి పాట తెలియని కళ్లే ఒక్కోసారి మేలు, ఊహించుకుని చదవవు కాబట్టి. ఇంట్లో అమ్మమ్మలవో నాయనమ్మలవో స్వరం రాసిన నోటుబుక్కులు ఉంటే వాటినీ తీసుకురండి. చేతిరాత చదవడం అచ్చు కన్నా కష్టం, ముందు అవి ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల అడిగి పెట్టాను. అక్కడ వెలుతురు బాగుంటుంది, ఫోటోలో చెయ్యి నీడ పడదు. వచ్చేవాళ్లు ఈ చార్టు కింద పేరు, క్లాసు రాయండి. పెన్సిల్ దారానికి కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోకండి.